చిన్న కార్యాలయం – ప్రైవేటు ఐపీ చిరునామా: 1994 నాటి వాదం

పది కంప్యూటర్లున్న ఏ కార్యాలయంలో చూసినా 192.168తో మొదలయ్యే ఐపీ చిరునామాలే సాధారణంగా కనిపిస్తాయి. పక్క కార్యాలయంలోనూ అవే అంకెలు ఉండవచ్చు. ఇంటర్నెట్ తొలినాటి నియమం ప్రకారం ఇది దోషం. ఒక చిరునామా ప్రపంచమంతటిలో ఒకే యంత్రానికి చెందాలన్నది ఆనాటి సూత్రం. ఈ సూత్రం ఎలా సడలిందో తెలియాలంటే చిరునామాల పంపిణీ చరిత్రను పరిశీలించాలి.

1981 సెప్టెంబరులో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 791 ఐపీ చిరునామాను 32 బిట్ల సంఖ్యగా నిర్ణయించింది. అంటే సుమారు 429 కోట్ల చిరునామాలు. వీటిని తరగతులుగా విభజించారు. సీ తరగతి నెట్‌వర్క్‌లో 254 యంత్రాలకే చోటుండగా, బీ తరగతిలో 65 వేలకు పైగా యంత్రాలు ఇమిడేవి. మూడు వందల యంత్రాలున్న సంస్థకు మొదటిది చాలదు. రెండవది తీసుకుంటే దాదాపు అంతా వృథా. 1993లో సీఐడీఆర్ విధానం ఈ తరగతుల విభజనను తొలగించినా, కొరత భయం తొలగలేదు.

కార్యాలయం లోపలి సమస్య వేరు. ఏ యంత్రానికి ఏ సంఖ్య ఇచ్చారో నిర్వాహకుడు జాబితా రాసుకోవాలి. పొరపాటున ఒకే సంఖ్య రెండింటికి పడితే వాటి సంబంధాలు దెబ్బతింటాయి. 1985 నాటి బూట్‌పీ సర్వరు నుంచే చిరునామా అందించినా, ప్రతి యంత్రాన్నీ పట్టికలో ముందుగా చేర్చవలసి వచ్చేది. 1993 అక్టోబరులో రాల్ఫ్ డ్రోమ్స్ రూపొందించిన డీహెచ్‌సీపీ చిరునామాను గడువుతో కూడిన అద్దెగా మార్చింది. చిన్న కార్యాలయానికి దీనికి మించిన మేలు మరొకటి లేదనవచ్చు.

1994 మార్చిలో యాకోవ్ రెఖ్టర్ ప్రభృతులు రచించిన ఆర్‌ఎఫ్‌సీ 1597 మూడు చిరునామా శ్రేణులను ఎవరినీ అడగకుండా ఎవరైనా లోపల వాడుకోవచ్చని ప్రకటించింది. మే నెలలో ఎగెవాంగ్, ఫ్రాన్సిస్‌లు చిరునామా అనువాద పద్ధతి అయిన న్యాట్‌ను స్వల్పకాలిక పరిష్కారంగా ప్రతిపాదించారు. జూలైలో ఎలియట్ లియర్ మరి ముగ్గురితో కలిసి ఆర్‌ఎఫ్‌సీ 1627 ద్వారా ప్రైవేటు శ్రేణులను తీవ్రంగా వ్యతిరేకించాడు. నేడు విడిగా ఉన్న సంస్థలు రేపు కలిస్తే ఒకే చిరునామా రెండు చోట్ల ఎదురవుతుందన్నది వారి ఆక్షేపణల్లో ముఖ్యమైనది. అది ఊహామాత్రమైన భయం కాదు.

1996 ఫిబ్రవరిలో సవరించిన రూపం ఆర్‌ఎఫ్‌సీ 1918గా వెలువడింది. దాని ఐదుగురు రచయితల్లో లియర్ కూడా ఉండటం గమనార్హం. ఆక్షేపణను తోసిపుచ్చకుండా, సంస్థలు ఈ శ్రేణుల నుంచి యాదృచ్ఛికంగా సంఖ్యలను ఎంచుకోవాలని ఆ పత్రం గట్టిగా సూచించింది. రౌటర్ల తయారీదారులు మాత్రం 192.168.0, 192.168.1 వంటి కొద్దిపాటి శ్రేణులనే ముందుగా అమర్చి అమ్మారు. కొన్నవారు వాటిని మార్చే శ్రమ తీసుకోవడం అరుదు. అటువంటి రెండు శాఖలను వీపీఎన్‌తో కలపబోయినప్పుడు, ఏదో ఒక శాఖలో ప్రింటరు మొదలుకొని సర్వరు దాకా అన్నింటికీ కొత్త సంఖ్యలు ఇవ్వవలసి వస్తోంది.