బుర్రకథలో పక్కన నిలబడ్డ ఇద్దరు

బుర్రకథ అనగానే మనవాళ్ళలో ఎవరిని అడిగినా ఒకటే పేరు వస్తుంది: నాజర్. రావాల్సిందే. 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో దూదేకుల ఇంట పుట్టిన షేక్ నాజర్, పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు కథలు ఊరూరా తిరిగి చెప్పాడు. 1986లో పద్మశ్రీ వచ్చింది, 1997లో చనిపోయాడు. ఆయన ఆత్మకథ పేరు 'పింజారి'. కులం పేరు పెట్టి జనం తేలిగ్గా పిలిచిన మాటనే పుస్తకానికి పేరుగా పెట్టుకున్నాడంటే ఆ మనిషి ఎలాంటివాడో అర్థమవుతుంది.

అయితే బుర్రకథ ఒక్కడు చెప్పేది కాదు. ముగ్గురు ఉండాలి. మధ్యలో కథకుడు, తలపాగా చుట్టుకుని, భుజాన తంబురా, కాళ్ళకు గజ్జెలు, వేలికి అందె. అటూ ఇటూ డక్కీలు పట్టుకుని ఇద్దరు వంతలు. ఒకడిది హాస్యం, ఇంకొకడిది రాజకీయం. నాజర్ పక్కన నిలబడ్డ ఆ ఇద్దరూ ఎవరు? రామకోటి, పురుషోత్తం. ఈ రెండు పేర్లూ ఇక్కడ మా రూములో ఉన్న తెలుగువాళ్ళు పన్నెండు మందిని అడిగాను. అందులో ఏడుగురు గుంటూరు, ప్రకాశం వాళ్ళే. ఒక్కరికీ తెలియదు.

సైట్లో స్లాబ్ వేస్తే బోర్డు మీద కంపెనీ పేరు ఉంటుంది గానీ కడ్డీ కట్టినవాడి పేరు ఉండదు, ఇదీ అంతేగా అన్నాడు మావాడొకడు. అంతే కాదు. కడ్డీ కట్టేవాడు డ్రాయింగ్ ప్రకారం కడతాడు. వంత అలా కాదు. కథలో వాడి పని వేరు, కథకుడు చేయలేని పని వాడు చేస్తాడు.

దీనికి కొంచెం వెనక్కి వెళ్ళాలి. బుర్రకథ కంటే ముందు జంగం కథ ఉండేది. జంగాలు, పిచ్చుకుంట్లవాళ్ళు ఇంటిల్లిపాదీ తిరుగుతూ చెప్పుకునేవాళ్ళు. మగవాడు కథ చెబితే పక్కన ఆడవాళ్ళు వంత పాడేవాళ్ళు. అప్పటికి వంత అంటే ఎక్కువగా 'తందాన' అనడమే. 1940లలో కమ్యూనిస్టు పార్టీ, ప్రజానాట్యమండలి ఈ రూపాన్ని అందుకున్నాయి. సుంకర సత్యనారాయణ 'కష్టజీవి' రాశాడు. మోటూరు ఉదయం ఆడవాళ్ళతోనే ఒక దళం కట్టి నడిపింది, ఆ రోజుల్లో ఆడవాళ్ళు స్టేజి ఎక్కి రాజకీయం మాట్లాడటం చిన్న సంగతి కాదు. నిజాం రాజ్యంలో సుద్దాల హనుమంతు ఇదే బుర్రకథని, గొల్లసుద్దులని పోరాటంలోకి తెచ్చాడు. వంతల పని బాగా పెరిగింది ఇక్కడే.

ఎలాగంటే, కథకుడు బొబ్బిలి కోట ముట్టడి చెబుతూ ఉంటాడు. అది పాత కథ, ఎవరూ కాదనలేరు. మధ్యలో హాస్యం వంత అడ్డం పడతాడు. 'ఏం గురువుగారూ, కోటలో గింజలు అయిపోయాయా, మన ఊళ్ళో లాగా ఎవరైనా గాదెలో దాచారా' అన్న పద్ధతిలో ఏదో ఒకటి అంటాడు (ఇది నా మాట, ఏ కథలోదీ కాదు). జనం నవ్వుతారు. వెంటనే రాజకీయం వంత ఆ నవ్వు ఆరకముందే ధరలూ, శిస్తూ, కరువూ అందుకుంటాడు. మళ్ళీ కథకుడు కోటలోకి వెళ్ళిపోతాడు. చూడండి, మద్రాసు ప్రభుత్వమూ నిజాం ప్రభుత్వమూ బుర్రకథని నిషేధించాయి. దేన్ని చూసి భయపడ్డాయి? తాండ్ర పాపారాయుడిని చూసి కాదు కదా. ఆయన పోయి అప్పటికే దాదాపు రెండు వందల ఏళ్ళు. నా లెక్కలో సర్కారుకి మండింది ఆ అడ్డం పడే మాటలకి. అంటే జైలుకి పంపగలిగిన మాటలు వంతల నోట్లోంచి కూడా వచ్చేవి.

మరి పేర్లు ఎందుకు నిలవలేదు? ఒక కారణం రికార్డింగు. ఊళ్ళో రాత్రంతా నడిచే కథకి రేడియోలో గంటో, అరగంటో ఇస్తారు. అలా కుదించేటప్పుడు ముందు పోయేది పిట్టకథలూ, ఊరి జోకులూ. పైగా అవి ఏ ఊరికి ఆ ఊరివి. తాడికొండలో పేలిన మాట తెనాలిలో పేలదు. రాసి పెట్టుకునే సరుకు కాదు. సినిమా కూడా అంతే. 1954లో ఎన్టీఆర్ 'అగ్గిరాముడు'లో అల్లూరి సీతారామరాజు బుర్రకథ పెట్టారు, నాజర్ దళమే చెప్పింది. ఆ ముక్క ఇవాళ్టికీ ఫోన్లలో తిరుగుతోంది. దాని కింద పెట్టే పేరు ఒక్కటే. తర్వాత క్యాసెట్లు వచ్చాయి, అట్ట మీద కథకుడి ఫొటో ఒక్కటే పట్టేది. మా చిన్నప్పుడు శ్రీరామనవమి పందిట్లో కూడా మైకులో 'ఫలానా వారి బృందం' అని ఒక్క మాట చెప్పి వదిలేసేవాళ్ళు. నవ్వించినవాడి పేరు తెల్లారేదాకా కూర్చున్నవాళ్ళకి కూడా తెలిసేది కాదు.

రెండో కారణం సందర్భం పోవడం. నేనుండే బూన్ లేలో చైనీస్ ఏడో నెల వస్తే ఫ్లాట్ల మధ్య ఖాళీ జాగాలో టెంటు వేసి స్టేజి కడతారు. గెతాయ్ అంటారు. హొక్కియన్ పాటలు, జోకులు. ముందు వరస కుర్చీలు ఆత్మల కోసం ఖాళీగా వదిలేస్తారు. భాష రాకపోయినా నేను వెనకాల నిలబడి చూస్తా. పాడేవాళ్ళకి వయసు మళ్ళింది, జనమూ తగ్గారంటారు, కానీ ఏటా ఆ నెల వస్తుంది, స్టేజి లేస్తుంది. బుర్రకథకి అలా కట్టుబడిన నెల లేదు. జాతరకి, నవమికి, సంక్రాంతికి పిలిస్తే వెళ్ళేది. పందిట్లోకి ఆర్కెస్ట్రా, ఆ వెనక డాన్స్ బేబీ డాన్స్ వచ్చాక పిలుపు ఆగింది. కథకులకి కనీసం రేడియో, సన్మానాలు, ప్రభుత్వ ప్రచార కార్యక్రమాలు మిగిలాయి. కుటుంబ నియంత్రణ మీద, ఎయిడ్స్ మీద కూడా బుర్రకథలు చెప్పించారు. వాటిలోనూ వంతలు ఉన్నారు గానీ అడ్డం పడటానికి వీల్లేదు. ఇచ్చిన కాగితం చదవాలి. సర్కారు నిషేధించినప్పుడు బతికిన హాస్యం సర్కారు జీతం ఇచ్చినప్పుడు చచ్చిపోయింది, నాకు అలా అనిపిస్తుంది.

ఇప్పుడు డెబ్బై, ఎనభై ఏళ్ళ వంతలు ఇంకా కొందరు గుంటూరు, కృష్ణా, నల్గొండ పల్లెల్లో ఉండే ఉంటారు. వాళ్ళ దగ్గర కథ పాఠం కాదు, ఎక్కడ ఎలా అడ్డం పడాలో ఆ లెక్క ఉంటుంది. అది ఏ పుస్తకంలోనూ దొరకదు. మీ ఇళ్ళల్లో పాత కరపత్రం, క్యాసెట్ అట్ట, దళం నిలబడి దిగిన ఫొటో ఏదైనా ఉంటే వెనక్కి తిప్పి చూడండి. పక్కన ఇద్దరి పేర్లు ఎవరైనా రాసి ఉంటే పంపండి. ఊరి పేరు, డక్కీ పట్టుకున్నది ఎవరో చెప్పగలిగే పెద్దవాళ్ళు ఉంటే ఇంకా మంచిది. వచ్చే నెల ఎపిసోడ్‌లో ఆ పేర్లు ఒక్కొక్కటీ చదువుతాం.