ధనుష్కోటి రైలుమార్గము - సేతుయాత్ర

రైలుమార్గముల చరిత్ర వ్రాయువారు పాంబన్-ధనుష్కోటి మార్గమును సింహళమునకు పోవు బోట్‌మెయిలు త్రోవగానే పరిగణింతురు. ఇది సత్యమే గాని అసమగ్రము. 1914లో పాంబన్ వంతెన వెలసిన పిదప, పాంబన్ వద్ద మార్గము రెండుగా చీలెను: ఒకటి సుమారు 10 కిలోమీటర్ల దూరమున గల రామేశ్వరమునకు, రెండవది 24 కిలోమీటర్ల దూరమున గల ధనుష్కోటికి. తలైమన్నారు స్టీమరు నందుకొనువారితో పాటు సేతుస్నానార్థులును ఈ రెండవ మార్గముననే పోవుచుండిరి. సేతువున ఇసుక గ్రహించి గంగలో కలుపుట, గంగాజలముతో రామనాథుని అభిషేకించుట కాశీ-రామేశ్వర యాత్రాచారము. తెలుగువారిలోను ఇది కలదు. ఇసుకమూట ఒడిలో పెట్టుకొని, ఇంజను బొగ్గునుసి కన్నులలో పడుచుండగా మీటరుగేజి పెట్టెలో తిరిగివచ్చుట ఆ తరమువారి సేతుయాత్ర. దస్త్రములలో టిక్కెట్ల లెక్క యుండవచ్చును. ఆ మూట యుండదు.

1964 డిసెంబరు 22 రాత్రి తుఫాను ఉప్పెన ధనుష్కోటి చేరబోవుచున్న ప్యాసింజరు బండిని ముంచివేసెను. వందమందికి పైగా మరణించిరి. వంతెనను 46 దినములలో బాగుచేసిరి. ధనుష్కోటి పట్టాలను మాత్రము పునరుద్ధరింపలేదు. 2017లో రహదారి ఏర్పడువరకు యాత్రికులు సేతువునకు చివరి దూరమును ఇసుకలో నడచియో, వ్యానులలోనో సాగించిరి. త్రోవప్రక్కన స్టేషను గోడల శిథిలములు నేటికిని నిలిచియున్నవి.