అన్నం - తృణం: తెలుగునేలపై ధాన్యాల తారతమ్యం

సంస్కృతంలో ‘అన్నం’ అంటే తినదగినది అని అర్థం. తెలుగు వ్యవహారంలో ఆ పదం ప్రధానంగా ఉడికిన వరిబియ్యానికి పేరైంది. జొన్నతోనో కొర్రతోనో వండినపుడు జొన్నన్నం, కొర్రన్నం అని విశేషణం చేర్చక తప్పదు. కావ్యభాషలో భోజనానికి గౌరవవాచకంగానే నిలిచిన ‘కూడు’ నేటి శిష్టవ్యవహారంలో చిన్నచూపును ధ్వనిస్తుంది. కోస్తాలో చాలచోట్ల ‘ధాన్యం’ అంటే వడ్లే. మెట్టగింజలకు మాత్రం ‘తృణధాన్యాలు’ అన్న పేరు స్థిరపడింది. నిజానికి వరి కూడ గడ్డిజాతి మొక్కే. అయినా ఆ పేరు దానికి అంటలేదు. పదాలలోని ఈ తారతమ్యం సాంఘిక తారతమ్యానికి ప్రతిబింబం. ఏ నేలకు నీరు పారాలి, ఏ గింజను ప్రభుత్వం కొనాలి, ఎవరి తిండికి గౌరవం దక్కాలి అన్న నిర్ణయాలపై దాని ప్రభావం కనిపిస్తుంది.

ఈ దృష్టి ఆధునికకాలంలో పుట్టినది కాదు. శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్న చాటువులలో పలనాటి జొన్నతిండిపై ఎత్తిపొడుపు ప్రసిద్ధం. వాటి కర్తృత్వం ఎవరిదైనా, సన్నబియ్యానికి అలవాటుపడిన ఆస్థానసంస్కృతి మెట్టసీమను ఎట్లా చూసిందో అవి తెలుపుతాయి. సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ (1949)లో ఇటువంటి సాహిత్యాధారాలతోనే జనజీవనాన్ని పునర్నిర్మించాడు. అయితే ఈ చాటువులలో వినిపించేది తినలేక విసిగిన అతిథి గొంతు. పండించి తిన్నవారి గొంతు కాదు.

పండించినవారి దృష్టిలో జొన్న ఒక గింజ మాత్రమే కాదు, ఒక వ్యవస్థ. వానపై ఆధారపడిన చేలో జొన్నతోపాటు కంది, పెసర, అలసంద కలిపి విత్తేవారు. ఒక పంట ఎండినా మరొకటి దక్కేది. పప్పుజాతి పైర్లు నేలకు నత్రజనిని అందించేవి. చొప్ప పశువులకు మేత, పశువుల పేడ తిరిగి చేనికి ఎరువు. వృత్తులవారికి కళ్లంలోనే గింజల రూపంలో ‘మేర’ ముట్టేది. విత్తనాన్ని ఏరి, బూడిద కలిపి దాచే నేర్పు చాలవరకు స్త్రీలది. ఆ వ్యవస్థలో కులభేదం, కొరత లేకపోలేదు. కాని విత్తనం ఊరి చేతిలోనే ఉండేది.

గుంటూరు సీమను 1832-33లో నందన కరువు కుదిపివేసింది. తరువాత ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. బెజవాడ వద్ద కృష్ణ ఆనకట్ట 1855 నాటికి సిద్ధమైంది. డెల్టాలు కరువు భయం నుంచి చాలవరకు బయటపడ్డాయి. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదలడంతో, చాటువులు జొన్నకు ప్రసిద్ధి తెచ్చిన పలనాటిలోనూ వరిమళ్లు విస్తరించాయి. నీటితోపాటు వరి గౌరవం కూడ పల్లానికి పారింది. నీరందని మెట్ట మరింత చిన్నబోయింది.

1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం చేపట్టిన కిలో రెండు రూపాయల బియ్యం పథకం ఈ చరిత్రలో మరొక మలుపు. పండుగనాడు మాత్రమే వరి అన్నం చూసిన ఇళ్లకు అది ఆకలి తీర్చడమే కాక, సమానత్వపు రుచిని కూడ చూపింది. ఈ సత్యాన్ని విస్మరించి పాతతిండిని పొగడడం న్యాయం కాదు. కాని చౌకదుకాణంలో వరి ఒక్కటే నిలిచినపుడు, పక్కచేలో పండిన జొన్నకు గిరాకీ తగ్గింది. మెట్టరైతు తన చేను పండించని గింజను తినేవాడయ్యాడు.

దీనికి ప్రత్యామ్నాయం జహీరాబాదు ప్రాంతంలో రూపొందింది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆధ్వర్యంలోని సంఘాలలో అధికసంఖ్యాకులు దళితస్త్రీలు. వారు బీడుభూములను సాగుకు తెచ్చి, విత్తననిధులు నెలకొల్పారు. సాగుకు అప్పు తీసుకున్న రైతు దానిని జొన్నల రూపంలో తీర్చేవాడు. ఆ గింజ ఆ ఊరిలోనే నిలువ ఉండి పేదలకు తక్కువ ధరకు అందేది. ఎవరు పేదలన్నది ఊరివారే నిర్ణయించేవారు. చౌకధాన్య పంపిణీ సూత్రాన్ని వారు త్యజించలేదు. దానిని తమ నేలకు అనువుగా మలచుకున్నారు. 2019లో ఆ స్త్రీసంఘాలకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం అందించే ఈక్వేటర్ పురస్కారం లభించింది.

2013 నాటి జాతీయ ఆహారభద్రతా చట్టం ముతకధాన్యాలకు కిలో ఒక రూపాయి ధరతో చోటిచ్చింది. 2023 అంతర్జాతీయ చిరుధాన్య సంవత్సరంగా జరిగింది. ‘తృణం’ పోయి ‘సిరిధాన్యం’ వచ్చింది. కాని పేరు మారినంతమాత్రాన తారతమ్యం తొలగదు. నగరంలో కొర్రలు ఆరోగ్యం కోరే సంపన్నుల ఆహారమై, వాటిని పండించే ఇల్లు రేషన్ బియ్యంపైనే ఆధారపడితే, నిచ్చెన తలకిందులైందే కాని తొలగలేదు. నేలకు తగిన పంట, పంటకు తగిన తిండి, ఆ తిండికి పండించినవారి పొయ్యిమీదనే చోటు: సుస్థిరజీవనానికి ఈ మూడూ కలిసి ఉండాలని తెలుగునేల ఆహారచరిత్ర నిరూపిస్తున్నది.