బంగారు కోటు వెనుక కొరడా

బ్రిటిష్ సైనిక బ్యాండు ముందు నడిచే డ్రమ్ మేజర్ భుజం మీంచి నడుముకు ఏటవాలుగా ఒక వెడల్పాటి పట్టీ ఉంటుంది. దాని మీద రెజిమెంటు పేరు తెచ్చుకున్న యుద్ధాల పేర్లు దారాలతో కుట్టి ఉంటాయి. వాటి నడుమ రెండు చిట్టి డ్రమ్ము పుల్లలు తగిలించి ఉంటాయి. అవి వాయించడానికి పనికిరావు. వాయిద్దామన్నా ఆయన దగ్గర డ్రమ్ము ఉండదు. మరి ఆయన్ను డ్రమ్ముల పెద్దను చేసిందేమిటి?

పదిహేడో శతాబ్దపు యుద్ధంలో తుపాకులు ఒక్క విడత పేలాయంటే మైదానమంతా పొగ కమ్మేది. పక్కవాడు కనపడడు, అధికారి గొంతు నాలుగు వరసల అవతలికి పోదు. కదలమన్నా, ఆగమన్నా, వెనక్కి రమ్మన్నా డ్రమ్మే చెప్పాలి. ఒక్కో ఆజ్ఞకు ఒక్కో దరువు. శిబిరంలో తెల్లవారి లేపడం మొదలు రాత్రి గుడారాలకు పంపడం దాకా అంతా దరువుల మీదే నడిచేది. వాయించేవాళ్లలో మీసాలు రాని కుర్రాళ్లూ ఉండేవారు. వాళ్లలో ఒకడు దరువు తప్పితే దళం దారి తప్పుతుంది. వాళ్లకు నేర్పడానికీ, అదుపులో పెట్టడానికీ ఒక పెద్ద అవసరమయ్యాడు. ఆ శతాబ్దంలోనే బ్రిటన్, ఫ్రాన్స్ సైన్యాల్లో ఆ పెద్దరికానికి ఒక హోదా ఏర్పడింది.

కవాతు చూసి మురిసిపోయేవాళ్లకు ఆ హోదాలోని ఇంకో పని తెలియదు. బ్రిటిష్ పదాతి దళంలో తప్పు చేసిన సిపాయికి కొరడా దెబ్బలు వేయాల్సింది డ్రమ్మర్లే. మనిషిని కట్టేస్తారు, రెజిమెంటంతా చుట్టూ నిలబడి చూస్తుంది. తొమ్మిది పాయల కొరడాతో ఒక డ్రమ్మరు పాతిక దెబ్బలు వేసి తప్పుకుంటే ఇంకొకడు అందుకుంటాడు. చేతులు అలసి దెబ్బ మెత్తబడకూడదని ఈ వంతులు. వాళ్ల వెనక నిలబడి పర్యవేక్షించేది డ్రమ్ మేజర్. బ్రిటిష్ సైన్యంలో కొరడా శిక్ష 1881లో గానీ రద్దు కాలేదు.

హంగుల్లో మాత్రం ఫ్రాన్సుదే పైచేయి. నెపోలియన్ సైన్యంలో ఈ కొలువుకు ఆజానుబాహులను ఏరి తెచ్చేవారు. టోపీ మీద ఈకల కుచ్చు, ఒంటినిండా జరీ, చేతిలో వెండి బుడిపె దండం. సేనాపతి కంటే ఆయనే ఘనంగా కనిపించేవాడంటే అతిశయోక్తి కాదు. ఆ ఠీవి చివరికి రంగస్థలమెక్కింది: 1879లో ఒఫెన్‌బాక్ రాసిన ఒక హాస్య సంగీత నాటకం పేరే ‘డ్రమ్ మేజర్ కూతురు’.

లండన్‌లో గార్డ్స్ రెజిమెంట్ల డ్రమ్ మేజర్లు వేసుకునే బంగారు కోటు సంగతి వేరు. అది రాచకొలువు దుస్తు, రెండో చార్లెస్ కాలం నుంచి వస్తున్నదని చెబుతారు. నెత్తిన జాకీ టోపీ, కాళ్లకు తెల్లని గెయిటర్లు. దాన్ని ఎప్పుడు పడితే అప్పుడు తొడగరు, రాజకుటుంబీకులు హాజరయ్యే వేడుకల్లాంటి కొన్ని సందర్భాలకే.

అలంకారాలన్నీ తీసేసినా మిగిలేది మేస్ అనే ఆ దండం. బ్యాండు మోగుతుండగా ఎంత అరిచినా చివరి వరసకు వినపడదు గనుక దాంతోనే మాట్లాడాలి. ఎత్తి పట్టుకుంటే వరసలన్నీ సిద్ధమవుతాయి. దించిన క్షణంలో పాట ఆగుతుంది, లేదా అడుగు మారుతుంది. ఏటా జనవరి 29న ఢిల్లీ విజయ్ చౌక్‌లో జరిగే బీటింగ్ రిట్రీట్‌లో మనం చూసేది ఈ సంజ్ఞల భాషనే. దండాన్ని గాల్లోకి ఎగరేసి పట్టుకోవడానికే చప్పట్లు ఎక్కువ పడతాయి గానీ, నా లెక్కలో అసలు విద్య ఆ దించడంలోనే ఉంది.

అమెరికాలో ఓల్డ్ గార్డ్ అనే రెజిమెంటుకు పాతకాలపు పిల్లనగ్రోవి, డ్రమ్ముల దళం ఒకటి ఉంది. వాళ్లవి ఎర్ర కోట్లు. స్వాతంత్ర్య పోరాట కాలంలో సిపాయిలు నీలం కోటు వేస్తే, పొగలోనూ అధికారికి కనపడాలని వాద్యకారులకు రంగులు తిరగేసేవారు. ఆ దళపు డ్రమ్ మేజర్ కుడి చేతిలో ఎస్పాంటూన్ అనే బల్లెం ఉంటుంది కాబట్టి ఎడమ చేత్తో సెల్యూట్ చేస్తాడు. ఆ దేశ సైన్యంలో అలా చేసే అనుమతి ఇంకెవరికీ లేదు.

బ్యూగిల్, ఆపైన వైర్‌లెస్ వచ్చాక యుద్ధంలో డ్రమ్ముకు పనిపోయింది. బ్రిటిష్ పదాతి దళపు డ్రమ్మర్లకు మాత్రం పోలేదు. వాళ్లు ఇప్పటికీ ముందు సిపాయిలు, తర్వాతే వాద్యకారులు. చాలా బెటాలియన్లలో యుద్ధానికి వెళ్తే వాళ్ల చేతికిచ్చేది మెషిన్‌గన్.