వేలంపాటకు వచ్చిన వాద్యాలు

మన భాషలో ఒక చిత్రమున్నది. గాయకుడు పాడేదీ పాటే, సంతలో సరుకుకు ధర కట్టేదీ పాటే. గోదావరి లంకలలో పుట్టి పెరిగినవారికి ఈ రెండవ పాటను గూర్చి వేరుగా చెప్పనక్కరలేదు. లంకభూమి కౌలుకు పాట, చేపలచెరువుకు పాట, రేవుమీద బల్లకట్టుకు పాట, దేవాలయంలో కొట్టిన కొబ్బరికాయలకు పాట. "ఒకటోసారి, రెండోసారి" అని కేకవేసి, మూడవసారికి ముందు అందరూ ఊపిరి బిగబట్టే ఆ క్షణాన్ని ఎరుగనివారు మనలో అరుదు. వేలమనే మాట మాత్రం మనది కాదు. పోర్చుగీసువారి 'లెయిలావ్' ఓడలతోపాటు ఈ తీరానికి దిగి, తమిళంలో ఏలమై, మన నోట వేలమైనదని భాషావేత్తలు చెబుతారు. దానికి పాటను తగిలించినది మనమే. ఈ రెండు పాటలూ కలుసుకొనే చోటు ఒకటున్నది. అది పాత వాద్యాల వేలం.

కొంతకాలం క్రిందట కోనసీమలోని ఒక గ్రామంనుండి మాకు పిలుపు వచ్చినది. రేడియోవారు గనుక వాద్యాల గుట్టు తెలిసియుంటుందని ఆ ఇంటివారి నమ్మకం. అటకమీద దొరికిన ఫిడేలు నొకదానిని పట్టుగుడ్డ మీద పెట్టి, ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చొని ఉన్నారు. దాని పొట్టలోకి దీపం చూపిస్తే, గోధుమరంగు తిరిగిన కాగితపు చీటీ మీద ఆంటోనియో స్ట్రాడివేరి పేరు, క్రెమోనా నగరం పేరు స్పష్టంగా కనబడినవి. స్ట్రాడివేరి 1721లో చేసిన 'లేడీ బ్లంట్' అనే ఫిడేలు 2011 జూన్‌లో 98 లక్షల పౌండ్లకు అమ్ముడుపోయిన వార్త ఆ ఇంటి పెద్దకుమారునికి కంఠస్థం. అదే ఫిడేలు 1971లో 84 వేల పౌండ్లు పలికినదని కూడ ఆయన లెక్కకట్టి ఉంచినాడు.

చీటీ క్రింద మరి రెండు మాటలు సన్నని అచ్చులో ఉన్నవి. "జర్మనీలో తయారైనది" అని వాటి అర్థం. ఆ రెండు మాటలే కథను ముగించినవి. పందొమ్మిదవ శతాబ్దంలో జర్మనీలోను, బొహీమియాలోను ఫిడేళ్ళను గంపలకొద్దీ తయారుచేసి, ఏ మహాశిల్పి నమూనాను అనుసరిస్తే ఆయన పేరు చీటీ అతికించేవారు. దానిని మోసమనడం కష్టం. నమూనా ఫలానావారిదని చెప్పడం ఆనాటి వ్యాపార మర్యాద. అమెరికావారు 1890లో చేసిన సుంకాల చట్టం దిగుమతి సరుకు మీద పుట్టిన దేశం పేరు వేయవలెనని నిర్బంధించినది. అందుచేత దేశం పేరు గల చీటీ కనబడితే ఆ ఫిడేలు సాధారణంగా 1891 తరువాతిదని అనుకోవచ్చును. స్ట్రాడివేరి 1737లోనే కన్నుమూసినాడు. ఈ సంగతి చెప్పగా పెద్దకుమారుడు చాలసేపు మాట్లాడలేదు. ఎవరో మాకు కాఫీ తెచ్చినారు.

మేము లేవబోతూ ఉండగా వసారా మూలను గోనెపట్టా కప్పిన వస్తువొకటి కంటబడినది. పట్టా తీసి చూస్తే వీణ. కుండా, దండీ ఒకే పనసమానునుండి తొలిచిన ఏకాండి వీణ. మైనం ఎండి బీటలు వారి, ఇరువదినాలుగు మెట్లలో ఏడెనిమిది రాలిపోయినవి. బిరడాలలో రెండు లేవు. యాళి ముఖానికి ఒక కన్ను మాత్రమే మిగిలినది. అంచుల వెంబడి తెల్లని సన్నని పని ఉన్నది. "అది పాతసామానులవాడికి చెప్పి ఉంచామండీ. ఆదివారం వస్తానన్నాడు. మెట్లు తూకానికి తీసుకొంటాడట," అన్నది ఆ ఇంటి కోడలు.

చీటీ ఉన్నది గనుక ఫిడేలు పట్టుగుడ్డ ఎక్కినది. చీటీ లేదు గనుక వీణ గోనెపట్టా క్రింద పడినది. ఆ సాయంత్రం పడవరేవునకు నడిచివస్తూ మేము దీనినే ఆలోచించినాము. పాత వాద్యం ధర దేనికి? కొయ్యకా, పనితనానికా, పట్టిన చేతికా, లేక వీటిని రుజువు చేసే కాగితానికా?

దీనికి గిటారు చరిత్ర మంచి సమాధానం చెబుతుంది. కరెంటు గిటారు పుట్టి నిండా నూరేండ్లు కాలేదు. కాలిఫోర్నియాలో రేడియోలు బాగుచేసే దుకాణం నడుపుకొన్న లియో ఫెండర్ 1954లో స్ట్రాటోకాస్టర్ అనే గిటారును బయటపెట్టినాడు. 1965 జనవరిలో తన సంస్థను ఒక కోటి ముప్పది లక్షల డాలర్లకు అమ్మివేసినాడు. కొన్నది కొలంబియా బ్రాడ్‌కాస్టింగ్ సిస్టమ్, అంటే మా వృత్తివారే. వారి చేతిలో పడిన తరువాత పనితనం సన్నగిల్లినదని గిటారు వాయించేవారిలో గట్టి ప్రతీతి. అందువల్ల 1965కు ముందటి ఫెండర్ గిటారుకు ఒక ధర, తరువాతి దానికి వేరొక ధర. రేడియోవారమైన మాకు ఇది అంత వినసొంపైన మాట కాదు. కాని చరిత్రలో మొహమాటానికి తావులేదు.

గిబ్సన్ సంస్థవారి లెస్ పాల్ గిటారు కథ ఇంకను వింత. 1958 మొదలు 1960 వరకు సూర్యాస్తమయపు రంగులతో పదిహేనువందలకు అటూయిటూగా చేసినారు. అమ్మకాలు లేక ఆ రూపాన్నే మానివేసినారు. 1966లో ఎరిక్ క్లాప్టన్ అనే యువకుడు అటువంటి గిటారుతో ఇచ్చిన రికార్డును విన్న తరువాత లోకం దానికోసం వెదకనారంభించినది. గిరాకీ చూచి 1968లో సంస్థవారు మళ్ళీ లెస్ పాల్ మొదలుపెట్టినారు. కాని నాడు ఎవరికీ అక్కరలేనివే నేడు పాత గిటారు వ్యాపారంలో శిఖరాన ఉన్నవి.

ఈ వ్యాపారానికి కొన్ని కట్టుబాట్లున్నవి. మొదటి రంగు, మొదటి తంతి, మొదటి మేకు ఉన్నంతవరకే పూర్తి వెల. మళ్ళీ రంగు వేయించినారో, దాదాపు సగం పోయినదనుకోవలెను. మన ఇండ్లలో పాత వస్తువు బయటికి తీయగానే వార్నీషు పూయించే అలవాటున్నవారు ఈ సంగతి గుర్తుంచుకోవచ్చును. అయితే ఈ కట్టుబాటును ఒక్కటే శక్తి కాలదన్నగలదు: వాయించిన చేయి. క్లాప్టన్ 1970లో నాష్‌విల్ నగరంలో కొన్ని పాత స్ట్రాటోకాస్టర్లు కొన్నాడు. కొన్ని మిత్రులకు పంచి, మిగిలిన మూడింటిలో బాగున్న భాగాలు ఏరి ఒక నల్ల గిటారును కూర్చుకొన్నాడు. శాస్త్రం ప్రకారం అది అతుకుల బొంత. 2004 జూన్‌లో న్యూయార్క్‌లో క్రిస్టీవారి వేలంలో ఆ బొంత 9,59,500 డాలర్లు పలికినది. ఆ సొమ్ము ఆంటిగ్వాలో ఆయన స్థాపించిన వ్యసనవిముక్తి చికిత్సాలయానికి పోయినది. డేవిడ్ గిల్‌మోర్ నల్ల గిటారుకూ భాగాలెన్నో మారినవి. 2019లో దానికి క్రిస్టీవారు వేసిన అంచనా లక్షనుండి లక్షన్నర డాలర్లు. పాట ఆగినది 39,75,000 డాలర్ల దగ్గర. ఈ మొత్తాలలో కొనుగోలుదారు వేలంసంస్థకు అదనంగా చెల్లించే రుసుము కూడ చేరియున్నది. సుత్తి దెబ్బ పడిన ధర వేరు, జేబునుండి కదిలే ధర వేరు.

ఇంతకూ ఆ గిటారు ఆ మనిషిదేనని నమ్మకమేమిటి? అక్కడనే కాగితం ప్రవేశిస్తుంది. చాల గిటారులకు కర్మాగారపు వరుససంఖ్య ఉంటుంది. లోపలి విద్యుద్భాగాల మీద తయారైన వారం, సంవత్సరం సంకేతాలుగా ఉంటవి. కొన్న రసీదు, వాయించినప్పటి ఛాయాచిత్రం, చెక్కమీది గీత, నిప్పురవ్వ మచ్చ, అన్నిటినీ ఒకదానితో ఒకటి సరిపోల్చి చూస్తారు. పాటపాడేవాడు కొనేది కొయ్యతోపాటు ఒక సాక్ష్యాన్ని.

నాదం మాటేమి అంటారా? 2010లో ఇండియానాపోలిస్‌లో ఇరువదియొక్కమంది ఫిడేలు విద్వాంసులకు చూపు కనబడకుండా కళ్ళద్దాలు తగిలించి, మూడు పాత ఇటాలియను ఫిడేళ్ళు, మూడు కొత్తవి చేతికిచ్చి పరీక్షించినారు. పాతదేదో కొత్తదేదో పోల్చుకోలేకపోవడమే గాక, అధికసంఖ్యాకులు కొత్తవానినే మెచ్చుకొన్నారు. పాత మానులో ఏమీ లేదని మేము అనము. పాతవీణ మీటినప్పుడు మాకు కలిగే పరవశం మాది. కాని ఆ పరవశంలో చెవి పాలెంత, మనసు పాలెంత అని ఎవరైనా నిలదీస్తే మా దగ్గర త్రాసు లేదు.

మన గోదావరిసీమకు వచ్చి చూడండి. పిఠాపుర సంస్థానంలో తుమరాడ సంగమేశ్వరశాస్త్రిగారి వీణను విని రవీంద్రనాథ ఠాకూరు ముగ్ధుడై ఆయనను శాంతినికేతనానికి ఆహ్వానించినాడు. ద్రాక్షారామంలో 1922లో ఈమని శంకరశాస్త్రిగారు, కాకినాడలో 1936లో ఆయన శిష్యులైన చిట్టిబాబుగారు జన్మించినారు. గిటారుకు దగ్గరి చుట్టమైన మాండొలిన్‌కు పశ్చిమగోదావరిలోని పాలకొల్లు పుట్టినిల్లే అయినది. 1969లో అక్కడ పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ ఆరేండ్ల ప్రాయంలో తండ్రిగారి మాండొలిన్ చేతబట్టినాడు. గురువైన రుద్రరాజు సుబ్బరాజుగారికి ఆ వాద్యం రాదు; ఆయన పాడితే బాలుడు వాయించేవాడు. 1978లో గుడివాడలో త్యాగరాజోత్సవాలలో తొలి కచేరి, 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవం. జంట తీగలు నాలుగుండే విదేశవాద్యాన్ని ఒంటి తీగలు ఐదుగల కరెంటు వాద్యంగా మార్చుకొని మన గమకాలు పలికించినాడు. 2014లో మనలను విడిచిపోయినాడు. ఆ తండ్రిగారి మాండొలిన్ క్రిస్టీవారి బల్లమీదికి వస్తే ధర ఎంత పలుకునో చెప్పగలవారెవరు?

మన పాత వీణలు బల్లమీదికి రాలేదు. అవి చేతులు మారిన త్రోవ వేరు. గురువునుండి శిష్యునకు, తల్లినుండి కూతురుకు, పుట్టింటినుండి పెండ్లికూతురుతో అత్తవారింటికి పోయినవి. వెల కట్టడం అమర్యాద. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలోను, నూజివీడులోను తరతరాలుగా వీణలు చేసే కుటుంబాలున్నవి. వారి పనితనానికి లోకమంతట పేరున్నది. పాతవీణ పొట్టలో మాత్రం చేసినవాని పేరు తరచుగా ఉండదు. నోటిమాటే రసీదు. ఆ నోరు మూతపడిననాడు రసీదు చిరిగిపోయినట్లే. క్రెమోనా వడ్రంగికి దక్కిన చీటీ గొల్లపల్లి శిల్పికి దక్కకపోవడం మాకు కష్టంగానే ఉంటుంది.

కోనసీమలోని ఆ పెద్దకుమారుడు మా వెంట రేవుదాక వచ్చి, "పోనీ, వీణనైనా విదేశపు వేలానికి పంపవచ్చునా?" అని అడిగినాడు. అంత సులువు కాదు. నూరేండ్లు నిండిన కళావస్తువు 1972నాటి పురావస్తుచట్టం క్రిందికి వస్తే దానిని సొంతంగా దేశం దాటించడానికి వీలులేదు. అంచున ఉన్న ఆ తెల్లని పని దంతమే అయితే చిక్కు ఇంకను పెద్దది. వన్యప్రాణి సంరక్షణచట్టానికి 1986లో వచ్చిన సవరణ మన ఏనుగుదంతపు వ్యాపారాన్ని, 1991 సవరణ ఆఫ్రికా దంతపు వ్యాపారాన్ని కూడ నిషేధించినవి. తాత ముత్తాతల సొత్తైనా అమ్మకానికి పనికిరాదు. గిటారులకూ ఈ తంటా తప్పలేదు. మార్టిన్ సంస్థవారు చిరకాలం బ్రెజిలు దేశపు రోజువుడ్డు వాడి, 1969లో మన జిట్రేగికి మారినారు. 1992నుండి బ్రెజిలు కొయ్య అంతర్జాతీయ నిషేధంలో పడినందున, దానితో చేసిన పాత గిటారు సరిహద్దు దాటవలెనంటే పత్రాలు వెంట ఉండవలసినదే. మన జిట్రేగి గిటారులకు 2017లో వచ్చిన పత్రాల నిర్బంధం 2019లో తొలగినది.

నెలరోజుల తరువాత మేము మరల ఆ గ్రామానికి పోయినాము. ఇంటి మామ్మగారు ఎనుబదియైదేండ్లది. మొదటిసారి మాతో ఒక్కమాటైనా అనలేదు. ఈసారి తానే పిలిచి, "ఆ వీణ మా అత్తగారిది నాయనా. కాపరానికి వస్తూ పడవలో ఒళ్ళో పెట్టుకొని వచ్చిందట. మామగారు పోయినాక ముట్టలేదు. మీరడిగారు గనుక చెబుతున్నాను, ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు," అన్నది. ఆమె చెబుతుండగా మనుమడు నోటుపుస్తకంలో వ్రాసినాడు. అత్తగారి పేరు, పుట్టినూరు, పాఠం చెప్పిన పంతులుగారి పేరు, పెండ్లి జరిగిన తెలుగు సంవత్సరం, మెట్లు సరిచేయడానికి ఏడాదికొకసారి వచ్చే మనిషి ఏ ఊరినుండి వచ్చేవాడో, యాళికి కన్ను పోయినది ఏ గాలివానలో వీణ క్రిందపడినప్పుడో, అన్నీ చెప్పినది. చేసినవాని పేరు ఆమెకూ తెలియదు. ఆ చోటు ఖాళీగా ఉంచి, కాగితాన్ని మడిచి వీణ బుర్రలో భద్రపరచినారు.

పాతసామానులవాడు ఆదివారం వచ్చి రెండు ఇత్తడి గంగాళాలు మాత్రం తూచుకొని పోయినాడట. జర్మనీ ఫిడేలుకు కొత్త గుర్రం పెట్టించినారు. మనుమడు దానిమీద సరళీస్వరాలు సాధన చేస్తున్నాడు.