దాదీ కుట్టిన ఫేటియా కళ కాదా? మేడ్చల్, శామీర్‌పేట తండాల నుంచి కొన్ని మాటలు



పోయిన వారం శామీర్‌పేట దిక్కు మన తమ్ముడొకడు ఫోన్ చేసిండు. ఇంటర్ సెకండియర్. ఫైన్ ఆర్ట్స్ ఎంట్రెన్స్ రాద్దామని ఒక కోచింగ్‌కి పోయిండట. మొదటి రోజే అక్కడి సార్ అందరినీ ఒక ప్రశ్న అడిగిండు: "మీ ఇంట్లో ఆర్టిస్టులు ఎవరైనా ఉన్నారా?" ఒకరు మామయ్య ఫొటోగ్రాఫర్ అన్నరు, ఇంకొకరు అక్క భరతనాట్యం నేర్చుకుంటుందని చెప్పిన్రు. మనవాడి వంతు వచ్చేసరికి "లేరు సార్, అందరూ కూలికే పోతరు" అన్నడు. తర్వాత నాకు ఫోన్ చేసి, "అన్నా, కళ అంటే ఏందో, అందులో ఏమేం ఉంటయో, మొదటి నుంచి అర్థమయ్యేటట్టు ఒక పోస్ట్ రాయవా?" అని అడిగిండు.

వాళ్ళ ఇల్లు నేను చూసిన. వెనకర్రలో ఒక రేకు సందుక ఉంటది. అందులో వాళ్ళ దాదీ పెళ్ళినాటి ఫేటియా, కాంచళి, టుక్రి మడతపెట్టి ఉన్నయి. ఫేటియా ఎత్తితే చేతికి బరువు తెలుస్తది. అద్దాలు, గవ్వలు, పూసలు, అంచు పొడుగునా వేలకొద్దీ కుట్లు. అంత పని చేసిన మనిషి ఇంట్లో ఉండగా "లేరు సార్" అన్న మాట ఎట్లా వచ్చింది? వాడిని తప్పు పట్టడానికి అడుగుతలేను. వాడి నోట ఆ మాట రావడం వెనక మూడు వందల ఏండ్ల చరిత్ర ఉంది. కళ అంటే ఏందో చెప్పాలంటే ఆ చరిత్ర కూడా చెప్పాల్సిందే.

ముందు సులువైన సంగతి. నీళ్ళ బిందె తల మీద నిలబడాలంటే కింద ఒక కుదురు కావాలి. గడ్డి చుట్ట చుట్టి పెట్టుకున్నా బిందె నిలబడుతది. మరి మన ఆడోళ్ళు ఆ చుట్టకు ఎర్రగుడ్డ చుట్టి, గవ్వలు కుట్టి, వెనక వీపు మీదికి అద్దాల పట్టీ ఎందుకు వేలాడదీసిన్రు? నీళ్ళు మోయడానికి ఆ పట్టీ అవసరమే లేదు. అవసరం తీరిన తర్వాత కూడా చెయ్యి ఆగకుండా చేసిన ఆ పనిలోనే కళ ఉంది. అట్లని అది ఉత్త అలంకారం కూడా కాదు. ఘూగ్రి, టోప్లి పెట్టుకుంటే పెళ్ళయిన మనిషి అని తండాలో ఎవరూ చెప్పకుండానే తెలిసేది. కళ్ళకు నచ్చేటట్టు ఉండి, చూసేటోళ్ళకు ఒక సంగతి చెప్పాలి. ఈ రెండూ ఉన్న పనిని కళ అనడానికి నాకైతే అభ్యంతరం కనిపించదు.

ఇప్పుడు పరీక్షల్లో అడిగే మాట: కళలో మూలకాలు ఏవి? పుస్తకంలో గీత, ఆకారం, రంగు, స్పర్శ, ఖాళీ స్థలం అని వరుసగా ఉంటయి. బట్టీ పట్టకు తమ్ముడూ, సందుక తెరువు. దారం పోయిన దారే గీత. కిలన్, వేలె, మాకి అని మన కుట్లకు వేర్వేరు పేర్లు ఉన్నయి కదా. ఒక్కో కుట్టుకు గీత నడక మారుతది. ఒకటి తిన్నగా పోతే ఇంకొకటి మెలిక తిరుగుతది. ఆ గీతలు కలుసుకున్న చోట చదరం, ముక్కోణం, చక్రం పుడతయి, అవి ఆకారాలు. రంగుల సంగతి చూడు. ఎరుపు నేల మీద పసుపు, పచ్చ, నీలం దారాలు పెట్టిన్రు. ఎరుపు పక్కన పచ్చ పెడితే రెండూ ఒకదాన్నొకటి రెచ్చగొడతయి. మీ దాదీకి రంగుల చక్రం ఎవరూ చూపలేదు, కానీ ఆ లెక్క ఆమె చేతికి తెలుసు. కళ్ళు మూసుకొని అంచు మీద వేళ్ళు ఆడించు: గవ్వ నున్నగా, దారం గరుగ్గా, అద్దం చల్లగా తగులుతది. పుస్తకం స్పర్శ అన్నది దీన్నే.

ఖాళీ స్థలం మాత్రం కొంచెం ఆలోచించాల్సిన విషయం. కుట్టిన చోటు ఎంత ముఖ్యమో కుట్టకుండా వదిలిన చోటు అంత ముఖ్యం. ఫేటియా అంచు అంతా కిక్కిరిసి ఉండి, నడుమ భాగం ఎక్కువ సాదాగా ఉండటం వల్లనే నడిచినప్పుడు ఆ అంచు ఊగడం కంటికి ఆనుతది. ఇక లయ. అద్దం, కుట్టు, అద్దం, కుట్టు అని తిరిగి తిరిగి రావడం పాటలో తాళం లాంటిదే.

ఇవన్నీ యూరప్ నుంచే వచ్చిన మాటలు అనుకోకండి. వాత్స్యాయనుడి కామసూత్రాలకు యశోధరుడు రాసిన వ్యాఖ్యలో చిత్రకళకు ఆరు అంగాలు చెప్పిండు: రూపభేదం, ప్రమాణం, భావం, లావణ్యయోజన, సాదృశ్యం, వర్ణికాభంగం. ఇంకా ముఖ్యమైన సంగతి, అదే గ్రంథంలోని అరవై నాలుగు కళల పట్టికలో పాట, వాద్యం, నృత్యంతో పాటు సూదిపని కూడా ఉంది. అంటే ఒకప్పుడు మన దేశంలో సూదిదారాన్ని కళల పంక్తిలో కూర్చోబెట్టే రాసుకున్నరు. మరి పంక్తిలోంచి ఎవరు లేపిన్రు?

యూరప్‌లో 1746లో షార్ల్ బాతో అనే ఫ్రెంచ్ పండితుడు లలిత కళల మీద ఒక పుస్తకం రాసిండు. సంగీతం, కవిత్వం, చిత్రలేఖనం, శిల్పం, నృత్యం ఇవి ఆనందం కోసం పుట్టిన కళలు, అవసరం కోసం చేసేవి వేరు అని గీత గీసిండు. ఆయన ఒక్కడే కారణమని నేను అనను, అప్పటి గాలే అది. ఆ గీత ఓడెక్కి మన దేశానికి వచ్చింది. 1850లో మద్రాసులో, 1857లో బొంబాయిలో ఆర్ట్ స్కూళ్ళు పెట్టిన్రు. అప్పటి నుంచి చదువుకున్న మనిషి గీసింది కళ అయింది, తండాలో కుట్టింది చేతిపని అయింది. లలిత కళలు ఐదు అని మనం బడిలో చదువుకున్న పాఠం వెనక ఈ గీత నీడ కూడా ఉంది.

మన హైదరాబాద్ రాజ్యంలోనే ఒక ఉదాహరణ దొరుకుతది. అజంతా గుహలు అప్పుడు నిజాం ఏలుబడిలో ఉండేవి. ఆ బొమ్మలను కాపాడటానికి 1920లో ఇటలీ నుంచి నిపుణులను పిలిపించిన్రు. మంచి పని, ఎవరూ కాదనరు. అదే 1920లో సయ్యద్ సిరాజుల్ హసన్ రాసిన నిజాం రాజ్యపు కులాలు, తెగల పుస్తకం అచ్చయింది. లంబాడాలు, గోండులు, కోయలు అందులో ఉన్నరు. గోడ మీది బొమ్మలు కళాఖండాలుగా లెక్కకొచ్చినయి, మనం కులాల పట్టికలో లెక్కకొచ్చినం.

అంతకు ముందు మనల్ని చూసినోళ్ళ కళ్ళు వేరుగా ఉండేవి. పదిహేడో శతాబ్దంలో టావెర్నియే అనే ఫ్రెంచ్ వజ్రాల వ్యాపారి గోల్కొండ దాకా తిరిగిండు. పది పన్నెండు వేల ఎద్దులతో ధాన్యం, ఉప్పు మోసుకుపోయే బిడారుల గురించి రాసిండు. దారి ఇరుకైతే ఆ బిడారు దాటేదాకా రెండు మూడు రోజులు ఆగాల్సి వచ్చేదట. ఆ ఆడవాళ్ళు నడుము పైభాగమంతా పూల పచ్చబొట్లు పొడిపించుకొని రంగులు అద్దుకునేవారని, చర్మమే పూలగుడ్డలా కనిపించేదని కూడా రాసిండు. అంటే ఒంటి మీది పచ్చబొట్టుకు, గుడ్డ మీది కుట్టుకు సంబంధం ఎంత పాతదో చూడండి. ఎప్పుడూ నడుస్తూ ఉండే జనం గోడల మీద బొమ్మలు వేసుకోలేరు కదా. వాళ్ళ గోడ ఒళ్ళే, గుడ్డే, ఎద్దు వీపు మీది జూలే.

ఆ ఎద్దుల పని పోగొట్టింది రైలు. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు వచ్చింది. 1900 ప్రాంతంలో మన మేడ్చల్ మీదుగా మన్మాడ్ వైపు గోదావరి వ్యాలీ లైను పడింది. ఉప్పు, ధాన్యం రైలెక్కినయి. బిడారులు ఆగిన చోట తండాలు స్థిరపడ్డయి. బ్రిటిష్ ప్రాంతాల్లో 1871 నాటి నేరస్థ తెగల చట్టం సంచార జనాలను దొంగల కింద రాసింది, 1952లో గానీ ఆ చట్టం పోలేదు. బతుకుదెరువు పోయి, పేరు చెడ్డ రోజుల్లో కూడా సూది ఆగలేదు. నాకు అన్నిటికన్నా ఆశ్చర్యంగా ఉండేది ఇదే.

రూపాల గురించి రెండు ముక్కలు. మేడ్చల్ మీదుగా పోయే నాగపూర్ రోడ్డు పట్టుకొని ఆదిలాబాద్ దాకా పోతే కళ ఎన్ని రూపాల్లో ఉంటదో తెలుస్తది. (లంబాడీలు, ఆదివాసీలు అని మన మధ్య నడిచే పంచాయితీ ఈ పోస్ట్ కింద పెట్టొద్దని మనవి. దానికి వేరే చోటుంది.) దీపావళికి దండారిలో గోండు గుస్సాడీలు నెమలీకల టోపీ పెట్టి ఆడతరు. అందులో ఆట, పాట, వాద్యం, వేషం, మొక్కు విడదీయలేం. గుస్సాడీ నేర్పుతూ బతుకంతా గడిపిన మర్లవాయి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది, 2024లో కన్నుమూసిండు. గ్రూప్స్ చదివే తమ్ముళ్ళకు ఇది ఒక మార్కు బిట్టు. మర్లవాయి పిల్లలకు ఇంటి మనిషి. ఓజాలు మట్టి దిమ్మె మీద మైనం పోగులు చుట్టి, పైన మళ్ళీ మట్టి మెత్తి కాలుస్తరు. మైనం కరిగి పోయిన సందులో కరిగిన ఇత్తడి పోస్తరు. బొమ్మ తియ్యాలంటే అచ్చు పగలగొట్టాలి, అందుకే ఒక బొమ్మలాంటిది ఇంకోటి ఉండదు. మొహెంజొదారో నాట్యకత్తె బొమ్మ పోసింది కూడా మైనం పద్ధతిలోనే. కోయ డోలీలు గుడ్డ పడిగె మీది బొమ్మలు చూపిస్తూ గొట్టు గోత్రాల కథలు పాడతరు. ఆ పాటల సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. మన తండాలో పెళ్ళికూతురు అత్తగారింటికి పోతూ పాడే ధావ్లో ఏడుపా, పాటా? రెండూ. దాన్ని ఏ డబ్బాలో పెడతరో నాకు తెలియదు.

మధ్యప్రదేశ్ గోండుల సంగతి ఎందుకు చెప్తున్ననంటే, అక్కడ ఒక్క విషయం మారింది. పాటన్‌గఢ్ కుర్రాడు జన్‌గఢ్ సింగ్ శ్యామ్ ఇంటి గోడ మీద వేసిన బొమ్మలను చిత్రకారుడు జె. స్వామినాథన్ మనుషులు చూసి భోపాల్ తీసుకపోయిన్రు. 1982లో మొదలైన భారత్ భవన్‌లో ఆయన బొమ్మలు ఆయన పేరుతోనే వేలాడినయి. 1989లో పారిస్ దాకా పోయినయి. 2001లో జపాన్‌లో పని చేస్తుండగా ఆయన చనిపోవడం వేరే విషాదం. కానీ అప్పటిదాకా "గోండు బొమ్మ" అని ఉన్న చీటీ మీద మొదటిసారి మనిషి పేరు ఎక్కింది.

మన దాదీల పనికి ఆ చీటీ ఎక్కడ? తండాలకు పాత బట్టలు కొనేటోళ్ళు వస్తరు. మా ఇంట్లో కూడా నేను చిన్నగున్నప్పుడు ఒకాయన వచ్చి, స్టీలు గిన్నెల కింద మా దాదీ కాంచళి తీసుకపోయిండు. ఆ ముక్కలే కోసి, సంచులకు, దిండ్లకు అతికించి సిటీలో అమ్ముతరని పెద్దయినాక తెలిసింది. దాదీ ఆ గిన్నెలను ఇప్పటికీ వాడుతది, అందుకే కోపం కూడా పూర్తిగా రాదు. ఔటర్ రింగ్ రోడ్డు దాటి కంపెనీ పనికి బస్సెక్కిన కాలంలో అందరూ అదోలా చూస్తున్నరని ఫేటియా మానేసి చీర కట్టుకుంది. చీరలో హాయిగా ఉందని కూడా అంటది, అది ఆమె ఇష్టం.

తమ్ముడూ, ఎంట్రెన్స్‌కి ముందు ఒక రోజు మాసబ్‌ట్యాంక్ పోయి రా. నువ్వు సీటు కోరుకుంటున్న ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ, గిరిజన మ్యూజియం రెండూ ఆ ఏరియాలోనే ఉన్నయి. మ్యూజియంలో బొమ్మల ముందు నిలబడి స్కెచ్ వేసుకో. గీత చూడు, ఖాళీ చూడు. ఇంటికొచ్చి దాదీ పక్కన కూర్చొని ఒక్క కుట్టు నేర్చుకో, రాకపోతే తిట్లు తిను. గ్రూపులో మిగతావాళ్ళు ఇంట్లో ఉన్న బట్ట, నగ, డప్పు ఏదైనా ఫొటో తీసి, చేసిన మనిషిని అడిగి, ఒప్పుకుంటేనే పేరు, తండా లేదా గూడెం, చేసిన కాలం రాసి దాచుకోండి. కోచింగ్ సార్ మళ్ళీ అడిగితే చెప్పడానికి జవాబు ఉంటది.

మా దాదీని అడిగితే గ్రూపులో పేరు పెట్టొద్దంది, అందుకే పెట్టలేదు. మిగిలిన టుక్రి మూలకు మాత్రం పేరు కుట్టుకుందామంటే సరే అంది. ఆమెకు చదువు రాదు, మన గోర్ బోలికి సొంత లిపి లేదు. తెలుగులో నేను పెన్నుతో రాసిస్తే, ఆ గీతల మీద ఎర్ర దారంతో కుట్టింది. నా అక్షరాలు వంకరగా ఉన్నయని రెండోది విప్పి, తనే సరిచేసి మళ్ళీ కుట్టింది.