తెల్ల గీత

వాన అప్పుడే అందుకుంది. సికింద్రాబాద్ కార్ఖానాలో, మెయిన్ రోడ్డుకి వెనక ఓ గ్యారేజీ. రేకుల మీద చినుకుల మోత. లోపల తడిమట్టి వాసన, దాని మీద కాలిన ఆయిల్ వాసన. లిఫ్టు మీద నల్లటి జర్మన్ కారు, వరసగా ఆరు సిలిండర్లు. ఉస్తాద్ టార్చి నోట కరుచుకుని క్రాంక్ పుల్లీని వేలితో తడుముతున్నాడు. పొద్దున ఆయనే దాని మీద సన్నటి కుంచెతో ఓ తెల్ల గీత గీశాడు, మధ్యలోని హబ్ నుంచి రబ్బరు దాటి బయటి ఇనప రింగు దాకా, తిన్నగా. ఆ తర్వాతే కారు తెచ్చిన కుర్రాడు శామీర్‌పేట దాకా పోయొచ్చాడు. ఇప్పుడా గీత రెండు ముక్కలైంది.

"ఏమైంది ఉస్తాద్?"

జవాబు రాలేదు. బయటి ముక్క బొటనవేలంత పక్కకి జరిగి ఉంది. రబ్బరు పట్టు వదిలింది.

కుర్రాడు నెల కిందటే కంప్యూటర్ ట్యూనింగ్ చేయించాడు. వారం నుంచి నాలుగున్నర వేల ఆర్‌పీఎం దగ్గర స్టీరింగ్‌లో సన్నగా ఓ జుమ్. ప్లగ్గులు మార్చాడు. మౌంట్లు మార్చాడు. జుమ్ పోలేదు. కానీ మందు తన దగ్గరే ఉందనుకున్నాడు. బ్యాగులోంచి తీసి బల్ల మీద పెట్టాడు. నీలం రంగు అల్యూమినియం పుల్లీ. అరచేతిలో పెడితే బరువే తెలియనంత తేలిక.

"పాతది తీసేద్దాం. బరువు తగ్గితే ఇంజన్ లేచిపోతది కదా!"

ఉస్తాద్ దాన్ని తిప్పి తిప్పి చూశాడు. రబ్బరు కోసం వెతికాడు. లేదు.

"గిది ఉత్త పుల్లీ బిడ్డా. డ్యాంపర్ కాదు. ఇది ఏస్తే నీ క్రాంకుకు దిక్కెవరు?"

క్రాంకు ఉక్కుదే. అయినా మెలితిరుగుతుంది. సిలిండర్ పేలిన ప్రతిసారీ తడిబట్ట పిండినట్టు కాస్త మెలిపడి మళ్లీ వెనక్కి సాగుతుంది, ఆరు వేల ఆర్‌పీఎంలో ఆ దెబ్బలు సెకనుకు 300, వాటిలో ఏ వరస అయినా క్రాంకు సొంత ఊపుతో కలిసిందంటే, ఊయలని సరైన అదనులో తోసినట్టు ఆ మెలి పెరిగి పెరిగి, ముందు ఆయిల్ పంపు గేరుని పగలగొట్టి, చివరికి క్రాంకునే తుంచేస్తుంది. డ్యాంపర్‌లో రబ్బరు మీద ఆనుకున్న ఆ బరువైన రింగే ఎదురూగి ఊపుని మింగేది. కుర్రాడు తీసిపారేద్దామన్న బరువు అదే.

ఈ దెబ్బ రోల్స్ రాయిస్ కార్లు కట్టిన హెన్రీ రాయిస్‌కీ తగిలింది. 1905లో వచ్చిన 30 హార్స్ పవర్ ఆరు సిలిండర్ల కార్లలో క్రాంకులు విరిగాయి. ఆయన క్రాంకు మూతికి డ్యాంపర్ తగిలించాడు. 1906లో 40/50 ఇంజన్‌ని మూడేసి సిలిండర్ల రెండు దిమ్మలుగా, బలమైన క్రాంకుతో, ఏడు బేరింగులతో కట్టాడు. చౌమహల్లా ప్యాలెస్‌లో జనం చూసే నిజాం పసుపుపచ్చ రోల్స్ రాయిస్, 1912 నాటిది, ఆ వంశమే.

ఇంతకీ ఇప్పుడు ఈ కారుకి ఏది వెయ్యాలి?

సాయంత్రం రాణీగంజ్. మోకాలి దాకా నీళ్లు. దుకాణంలో ఓ సెకండ్ హ్యాండ్ డ్యాంపర్ బయటికొచ్చింది. ఇందులో రబ్బరు ఉండదు. సీలు వేసిన డబ్బా లోపల చిక్కటి సిలికాన్, అందులో తేలే రింగు. ఏ స్పీడులోనైనా ఊపుని పట్టుకుంటుంది. ధర సగానికి సగం. కుర్రాడి కళ్లు మెరిశాయి. ఉస్తాద్ గోటితో డబ్బా అంచు చుట్టూ గీశాడు. గోరు ఓ చోట ఆగింది.

"చిన్న సొట్టే కద భాయ్," అన్నాడు దుకాణదారు.

"సుత్తి దెబ్బ," అన్నాడు ఉస్తాద్. లోపల రింగుకీ గోడకీ మధ్య సందు చాలా సన్నం. సొట్ట లోపలికి తన్నిందంటే రింగు తిరగదు. తిరగని రింగు ఉత్త బరువు. ఆయన దాన్ని మెల్లగా వెనక్కి తోశాడు. కొట్టు కట్టేసే వేళ కావొస్తోంది.

"లోపల పిస్టన్లు, రాడ్లు మార్పించినవా?"

"లేదు. కంపెనీవే."

"అయితే రబ్బరుదే చాలు. కొత్తది. నీ ఇంజన్ నంబరుదే."

రబ్బరు డ్యాంపర్‌ని ఒక క్రాంకు ఊపుకి సరిపడా తయారుచేస్తారు. క్రాంకు, రాడ్లు, పిస్టన్లు మార్చకుండా ఊరి ట్రాఫిక్‌లో తిరిగే బండికి అదే సరైన జోడీ. అవన్నీ మార్చి రేసుకి కట్టినప్పుడు లెక్క తప్పుతుంది, అప్పుడు సిలికాన్‌ది కావాలి. ఉస్తాద్ డబ్బా మీద తయారీ తేదీ చూశాడు. రబ్బరుని గోటితో నొక్కాడు. గోరు దిగి, గుంట మళ్లీ పూడింది.

రాత్రి తొమ్మిది. వాన వెలిసింది. కొత్త బోల్టులు. సుత్తి పెట్టెలోంచి బయటికి రాలేదు. టార్క్ రెంచి టక్‌మంది, ఒక్కో బోల్టుకీ ఒక్కోసారి. బెల్టు ఎక్కింది. మళ్లీ కుంచె. మళ్లీ తెల్ల గీత.

రాజీవ్ రహదారి ఖాళీగా ఉంది. మూడు వేలు. నాలుగు. నాలుగున్నర. కుర్రాడు స్టీరింగ్‌ని వేళ్ల కొసలతో మాత్రమే పట్టుకున్నాడు. ఊపిరి బిగపట్టాడు. ఐదు వేలు దాటింది.

గ్యారేజీలో లిఫ్టు మళ్లీ లేచింది. పుల్లీ నిండా రోడ్డు బురద. ఉస్తాద్ టార్చి కుర్రాడి చేతికిచ్చి తడిబట్టతో తుడవడం మొదలుపెట్టాడు. ముందు హబ్. తర్వాత రబ్బరు. తర్వాత రింగు.

గీత తిన్నగా ఉంది.